ఆ మూత ఎవరిదో దాని మీదే రాయండి

జీహెచ్‌ఎంసీ కమిషనర్ గారికి, జలమండలి మేనేజింగ్ డైరెక్టర్ గారికి, హైడ్రా కమిషనర్ గారికి, మేయర్ గారికి, 150 డివిజన్ల కార్పొరేటర్లకు

హైదరాబాద్,
2025 అక్టోబర్ 24

నమస్కారం.

నేను నగరంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో రెండో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. వాన పడిన రోజు బడి వదిలాక నా డ్యూటీ గేటు దగ్గర. గొడుగు పట్టుకుని నిలబడి పిల్లలను ఒక్కొక్కరినే వాళ్ల అమ్మకో, తాతకో, ఆటో నడిపే అన్నకో అప్పగించాలి. మోకాలి లోతు నీళ్లలో పిల్ల చెయ్యి పట్టుకుని నడిచే తల్లికి కాళ్ల కింద ఏముందో కనిపించదు. గేటు దగ్గర నిలబడ్డ నాకూ కనిపించదు. రోడ్డు ఎక్కడ ఆగింది, కాలువ ఎక్కడ మొదలైంది, మ్యాన్‌హోల్ మీద మూత ఉందా, కొట్టుకుపోయిందా, ఏదీ తెలియదు. అంతా ఒకే రంగు నీళ్లు. ఆఖరి పిల్ల సందు మలుపు దాటేదాకా గుండె చేతిలో పెట్టుకుని నిలబడతాను. ఆ టెన్షన్‌తోనే ఈ లేఖ రాస్తున్నాను.

మీ అందరికీ కలిపి ఒకే లేఖ రాయడానికి కారణం ఉంది. విడివిడిగా రాస్తే ఇది ఒకరి టేబుల్ మీది నుంచి ఇంకొకరి టేబుల్ మీదికి వెళుతుంది. వెళ్లిన ప్రతిచోటా 'ఇది మా పరిధిలోకి రాదు' అనే మాట రాసి పంపుతారు. నాకు అనుభవమే.

ఈ జూలైలో మా బడి సందు మలుపులో ఒక సిమెంట్ మూత పగిలింది. ఇసుక లారీ ఎక్కితే నడుమకు విరిగింది. సగం లోపల పడింది, సగం అంచుకు వేలాడుతూ ఉండిపోయింది. తెల్లారేసరికి ఎవరో అందులో వేపకొమ్మ గుచ్చారు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఆ కొమ్మ అర్థం విడమరచి చెప్పక్కర్లేదు. రోడ్డు మధ్యలో చెట్టుకొమ్మ నిలబడి ఉందంటే అక్కడ గుంత ఉన్నట్టు. కొమ్మ దొరకనిచోట విరిగిన కుర్చీ పెడతారు, పాత టైరు పెడతారు, కర్రకు ఎర్ర గుడ్డ కడతారు. ఎవరూ నేర్పకుండానే ఈ ఊరి జనం ఒకరినొకరు కాపాడుకోవడానికి తయారు చేసుకున్న భాష అది. కానీ చీకట్లో కొమ్మ కనిపించదు. పెద్ద వాన వస్తే కొమ్మ కూడా కొట్టుకుపోతుంది.

నేను ఫోన్ చేశాను. మొదటి ఆఫీసులో మర్యాదగానే మాట్లాడారు, కంప్లైంట్ నంబర్ ఇచ్చారు. రెండు రోజులకు ఒకాయన వచ్చి, వంగి చూసి, "ఇది మా లైన్ కాదు మేడమ్, వాన నీళ్లది" అన్నాడు. సాయంత్రానికి నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ కంప్లైంట్ క్లోజ్ అయింది అని. రెండో ఆఫీసుకు చేశాను. వాళ్ల మనిషీ వచ్చాడు. "మురుగు పారుతోంది చూడండి, ఇది డ్రైనేజీ, మాది కాదు" అన్నాడు. మళ్లీ క్లోజ్. మూడోసారి వచ్చిన కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు. కాసేపు నిలబడి చూసి, నిజం చెప్పాడు. "వాసన చూసి చెప్పాలి మేడమ్. మురుగు వాసన వస్తే ఒకరిది, రాకపోతే ఇంకొకరిది. ఇక్కడ రెండూ కలిసిపోయాయి. ఎవరిదో మాకూ తెలియదు." అని, బండిలో ఉన్న ఎరుపు తెలుపు టేపు తీసి కొమ్మ చుట్టూ కట్టి వెళ్లాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. తన చేతిలో ఉన్నది చేసి వెళ్లాడు.

అలా నలభై రోజులు దాటాయి. ఆగస్టు చివర ఒక తెల్లవారుజామున, పాల ప్యాకెట్లు వేసే కుర్రాడి బండి ముందు చక్రం ఆ గుంతలో దిగింది. అతని కాలర్ ఎముక విరిగింది. దాదాపు రెండు నెలలుగా పనికి పోలేదు. ఇంట్లో సంపాదించేది అతనొక్కడే. ఆ రోజు మధ్యాహ్నానికే కొత్త మూత వచ్చింది. ఎవరు తెచ్చారో మాకు ఇప్పటికీ తెలియదు. మధ్యాహ్నం బడి గంట కొట్టే వేళకు చూస్తే మూత ఉంది, అంతే.

అయ్యా, నన్ను ఇంతగా బాధపెడుతున్నది ఆ మధ్యాహ్నమే. ఒక్క పూటలో రాగలిగిన మూత నలభై రోజులు ఎందుకు రాలేదు? మూతలు లేక కాదు కదా. మనుషులు లేక కాదు, ముగ్గురు వచ్చి చూసి వెళ్లారు. ఆ గుంత ఎవరిదో తేలలేదు, అందుకే రాలేదు.

ఆ ఆఫీసుల పేర్లు, మా కాలనీ పేరు నేను ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇద్దరు చిన్న ఉద్యోగులకు నోటీసులు వెళతాయి, మా వీధి ఒక్కటి బాగుపడుతుంది. నేను మా వీధి కోసం రాయడం లేదు.

ఈ గందరగోళం ఇవాళ్టిది కాదని నాకు తెలుసు. 1989లో జలమండలి ఏర్పడినప్పుడు తాగునీరు, మురుగునీరు దానికి వెళ్లాయి. వాన నీటి కాలువలు, నాలాలనే పెద్ద కాలువలు, రోడ్లు కార్పొరేషన్ దగ్గరే ఉన్నాయి. 2007లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి గ్రేటర్ అయింది. శివారు సర్కిళ్లలో మురుగు లైన్లను చాలా ఏళ్లు కార్పొరేషనే చూసింది, 2021లో వాటినీ జలమండలికి అప్పగించారు. 2024 జూలైలో చెరువుల రక్షణ, విపత్తుల పని చూసే హైడ్రా వచ్చింది. ఈ ఏడాది వానాకాలం ఎమర్జెన్సీ టీములు దాని కిందికి వెళ్లాయి. ఒక్కో మార్పుకూ ఏదో ఒక మంచి కారణమే ఉండి ఉంటుంది. కానీ ఇన్ని మార్పుల్లో ఏ ఒక్కసారీ, మీ ఇంటి ముందున్న మూత ఇక మీదట ఫలానా వాళ్లది అని వీధిలో ఉండేవాళ్లకు ఎవరూ వచ్చి చెప్పలేదు. జలమండలికి 155313, జీహెచ్‌ఎంసీకి 040-21111111, హైడ్రాకు ఇంకో నంబర్. అంటే ఫోన్ చేసేముందే ఆ గుంత ఎవరిదో జనానికి తెలిసి ఉండాలి. మీ సిబ్బందికే వాసన చూస్తే తప్ప తెలియని విషయం చీకట్లో, వానలో, పిల్లను ఎత్తుకుని నిలబడ్డ మనిషికి ఎలా తెలుస్తుంది?

కొన్ని తేదీలు నా బడి పిల్లల పుట్టినరోజుల్లా నాకు గుర్తుండిపోయాయి. 2020 సెప్టెంబర్ 17, నేరేడ్‌మెట్. సాయంత్రం సైకిల్ మీద బయటకు వెళ్లిన పన్నెండేళ్ల పాప తెరిచి ఉన్న నాలాలో పడిపోయింది. మర్నాడు బండచెరువులో దొరికింది. 2023 ఏప్రిల్ 29, సికింద్రాబాద్ కళాసిగూడ. శనివారం ఉదయం పాల కోసం ఇంట్లోంచి బయలుదేరిన పాప తిరిగి ఇంటికి రాలేదు. అదే ఏడాది సెప్టెంబర్ 5, ప్రగతినగర్. వానకు బడులకు సెలవిచ్చిన ఉపాధ్యాయ దినోత్సవం నాడు నాలుగేళ్ల బాబు కాలువలో కొట్టుకుపోయాడు. ఆ రోజు నాకు పూలు ఇవ్వడానికి వచ్చిన పాత విద్యార్థులను లోపలికి రమ్మని కూడా అనలేకపోయాను. ఈ ఏడాది సెప్టెంబర్ 14, ఆదివారం రాత్రి. అఫ్జల్‌సాగర్ నాలాలో ఇద్దరు, ముషీరాబాద్‌లో ఒకరు కొట్టుకుపోయారు. వాళ్ల కోసం రోజుల తరబడి వెతికారు.

ప్రతిసారీ తర్వాత ఏదో ఒక పని జరిగింది. ఏమీ జరగలేదని అంటే అబద్ధమవుతుంది. నేరేడ్‌మెట్ తర్వాత నాలాల సేఫ్టీ మీద ఆడిట్ అన్నారు, కొన్నిచోట్ల కప్పులు వేశారు, కంచెలు కట్టారు. ఆ ఏడాది అక్టోబర్ 13 నాటి వరద తర్వాత నాలాల అభివృద్ధి కార్యక్రమం మొదలైంది, మొదటి దశకే దాదాపు 985 కోట్ల రూపాయలు కేటాయించారు. కళాసిగూడ తర్వాత ఇద్దరిని సస్పెండ్ చేశారు. లోతైన మ్యాన్‌హోళ్లకు జలమండలి లోపల సేఫ్టీ గ్రిల్స్ బిగిస్తోంది, వాటి మూతలకు ఎర్ర రంగు వేస్తోంది. మంచి పనులు ఇవి. మంచిని మంచి అనే చెబుతాను. కానీ వరుస చూడండి. ముందు ఒక పిల్ల పోవాలి, తర్వాత ఒక పని మొదలవ్వాలి. ఈ వరుస నాకు భయంగా ఉంది.

యాకుత్‌పురా సంగతి విడిగా చెప్పాలి. ఈ సెప్టెంబర్ 11న అక్కడ బడికి వెళుతున్న చిన్న పాప మూత లేని మ్యాన్‌హోల్‌లో పడింది. దేవుడి దయ, పక్కనే ఉన్నవాళ్లు వెంటనే పైకి లాగారు. ఆ వీడియో నేను ఒక్కసారే చూశాను, రెండోసారి చూడలేకపోయాను. పూడిక తీయడానికి మూత తెరిచినవాళ్లు దాన్ని మళ్లీ మూయకుండా వెళ్లారు. మొదట్లో శాఖలు ఒకదాని మీద ఒకటి చెప్పుకున్నాయి. తర్వాత హైడ్రా ఇది మా బాధ్యతే అని ఒప్పుకుంది. ఒక ప్రభుత్వ విభాగం ఆ మాట అనడం అంత తరచుగా జరిగే విషయం కాదు. అన్నందుకు నేను గౌరవిస్తున్నాను. నేను కోరేదల్లా ఒక్కటే, ఆ మాట పాప పడ్డాక కాకుండా, పడకముందే ఆ మూత మీద రాసి ఉండాలి.

ఎలా రాయాలో కూడా చెబుతాను. ఇది పెద్ద ఇంజినీరింగ్ పని కాదు.

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద ఎవరినైనా అడ్రస్ అడగండి. "పిల్లర్ నంబర్ ఫలానా దగ్గర దిగండి" అంటారు. పెళ్లి పత్రికల మీద ఫంక్షన్ హాల్ పేరు కింద పిల్లర్ నంబర్ వేస్తారు. మెట్రో వచ్చాక నగరమంతా అదే అలవాటైంది. ఆ నంబర్లు వేసినవాళ్లు అడ్రస్ కోసం వేయలేదు, వాళ్ల పని కోసం వేసుకున్నారు. జనం వాటిని తమవి చేసుకున్నారు. మూతలకూ అలాగే నంబర్ వేయండి. నంబర్ పక్కన శాఖ పేరు, ఫోన్ నంబర్. జలమండలి లెక్కల్లోనే ఆరు లక్షలకు పైగా మ్యాన్‌హోళ్లు ఉన్నాయి, అన్నీ ఒక్క ఏడాదిలో కావని నాకు తెలుసు. బడుల చుట్టూ, బస్టాపుల చుట్టూ, ఆసుపత్రుల దారుల్లో, నీళ్లు నిలబడే చోట్ల మొదలుపెట్టండి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో మీ దగ్గర జాబితా ఉంది, ట్రాఫిక్ పోలీసుల దగ్గరా ఉంది. మూత మీద ఎర్ర రంగు వేయగలిగిన చెయ్యి నాలుగు అంకెలు కూడా రాయగలదు. నీళ్లలో మూత మునిగిపోతుంది కాబట్టి అదే నంబర్ దగ్గర్లోని గోడ మీదో, స్తంభం మీదో కూడా, ఎంత దూరంలో ఉందో బాణం గుర్తుతో రాయాలి. అది ఉంటే ముందుగా మీ సొంత సిబ్బందికే మేలు. వాసన చూసే పని తప్పుతుంది.

రెండోది దీనికంటే ముఖ్యం. ఏ ఆఫీసుకు ఫోన్ వస్తే ఆ ఆఫీసు ముందు వెళ్లి గుంత మూయాలి. మూత లేకపోతే కనీసం బారికేడ్ పెట్టి, రాత్రి కనిపించే లైట్ పెట్టాలి. అది ఎవరి పైపు, ఎవరి ఖర్చు అనేది తర్వాత మీలో మీరు తేల్చుకోండి. ఇంటికి నిప్పంటుకున్నప్పుడు బావి ఎవరిదని ఎవరూ అడగరు. ఈ నిబంధన మీ ముగ్గురి సంతకాలతో ఒక్క కాగితం మీద ఉంటే చాలు, కొత్త చట్టం అక్కర్లేదు. ఆ కాగితం లేకపోవడం వల్లే మా సందులో ముగ్గురు మంచి ఉద్యోగులు వచ్చి, చూసి, ఖాళీ చేతులతో వెళ్లారు. వేరే శాఖ మూత వేస్తే మా అసిస్టెంట్ ఇంజినీర్ ఊరుకోడు అని వాళ్లలో ఒకాయన నాతో అన్నాడు.

ఇక ఆ 'క్లోజ్డ్' మెసేజ్ గురించి. నా క్లాసులో పిల్లాడు లెక్క చేయకుండా 'అయిపోయింది' అని రాస్తే నేను టిక్కు పెట్టను. ఫిర్యాదు చేసిన మనిషి సరే అన్నాకే ఫిర్యాదు మూసేయాలి. సరే అనకపోతే అది పై అధికారికి దానంతట అదే వెళ్లాలి. మూసే ముందు మూత వేసిన ఫోటో ఉండాలి. 'మా పరిధి కాదు' అని మూసేసే పద్ధతి పూర్తిగా తీసేయండి. పరిధి కాకపోతే పరిధి ఎవరిదో వాళ్లకు మీరే పంపండి, నంబర్ మారకుండా. నాకు మూడు కంప్లైంట్ నంబర్లు ఉన్నాయి. ఒకే గుంతకు మూడు నంబర్లు, మూడూ క్లోజ్డ్. మీ కంప్యూటర్లో చూస్తే మా సందులో మూడు సమస్యలు పరిష్కారమైనట్టు ఉంటుంది. పై అధికారులకు వెళ్లే రిపోర్టుల్లో నగరం ఎందుకు బాగా కనిపిస్తోందో అప్పుడు నాకు అర్థమైంది.

పూడిక తీసే పని గురించి కూడా ఒక మాట. మే నెలలో ప్రతి ఏడాదీ పూడిక తీస్తారు. తీసిన పూడికను ఆ కాలువ పక్కనే కుప్ప పోసి వెళతారు. ఎండాక ఎత్తుతామంటారు. ఎండేలోపే వాన వస్తుంది, ఆ కుప్ప మళ్లీ అదే కాలువలోకి వెళుతుంది. ఇది వీధిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. మూత తెరిచిన మనిషి ఎవరో, ఏ సమయంలో తెరిచాడో, ఎప్పుడు మూశాడో రాసి, మూసిన మూత ఫోటో పెట్టి, పూడిక ఎత్తాకే కాంట్రాక్టరుకు బిల్లు ఇవ్వండి. యాకుత్‌పురాలో పాప పడింది సరిగ్గా ఈ చిన్న పని జరగకే.

రోడ్లు వేసేవాళ్లనూ ఇందులో కలపాలి. పాత రోడ్డు మీద మళ్లీ మళ్లీ తారు వేస్తారు, మూత గిన్నె అడుగులా లోతుకు పోతుంది. ఇంకోచోట సీసీ రోడ్డు వేసి మూతను జానెడు పైకి లేపుతారు. మూత అంచు రోడ్డుకు సమానంగా లేకపోతే రోడ్డు పని పూర్తయినట్టు కాదని టెండర్లోనే రాయవచ్చు కదా.

ఇప్పుడు మా తప్పు. దాన్ని దాచి మీ తప్పులు మాత్రమే రాస్తే ఈ లేఖకు విలువ ఉండదు. పెద్ద వాన పడి ఇంట్లోకి నీళ్లు వస్తుంటే మూత తెరిచేది చాలాసార్లు మేమే. మా సందులోనూ తెరిచారు. ఆ రాత్రి బియ్యం బస్తాలు మంచం మీదికి ఎక్కించుకుంటున్నవాళ్లు, గడ్డపారతో మూత లేపిన పక్కింటి పెద్దాయనకు చేతులెత్తి దండం పెట్టారు. నీళ్లు అరగంటలో దిగిపోయాయి. మూత తెల్లారేదాకా అలాగే ఉంది. అనుమతి లేకుండా మ్యాన్‌హోల్ తెరవడం నేరమని జలమండలి ప్రతి వానాకాలం ముందు చెబుతూనే ఉంది. చెత్త, ప్లాస్టిక్ కవర్లు, ఇల్లు కట్టుకోగా మిగిలిన సిమెంటు, ఇటుక ముక్కలు కాలువలో పోసేదీ మేమే. బడిలో పిల్లలకు నేను చెప్పగలను, చెబుతున్నాను. కానీ ఇంట్లోకి నీళ్లు వచ్చే రాత్రి కేసు పెడతారన్న భయం పని చేయదు. ఫోన్ చేస్తే అరగంటలో మనిషి వస్తాడన్న నమ్మకం ఒక్కటే పని చేస్తుంది. ఆ నమ్మకం ఉంటే పక్కింటి పెద్దాయన గడ్డపార తీయడు.

మ్యాన్‌హోల్ అనగానే పడిపోయే పిల్లలు గుర్తొస్తారు. అందులోకి దిగే మనుషులు గుర్తుకు రారు. 2021 ఆగస్టులో వనస్థలిపురం దగ్గర సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట పనికి దిగిన ఇద్దరు కార్మికులు బయటకు రాలేదు. మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని లోపలికి దింపకూడదు. అలా చనిపోయిన వాళ్ల కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు చెప్పింది. నీటి ఒత్తిడితో మురుగు లైన్లు శుభ్రం చేసే, సందుల్లోకి వెళ్లగల మినీ జెట్టింగ్ యంత్రాలు మన నగరంలో ఉన్నాయి. అవి అన్ని డివిజన్లకూ చాలినన్ని ఉండేలా చూడండి. మూత ఎవరిదో తెలియనప్పుడు దాని లోపలికి దిగిన మనిషి ప్రాణానికి కూడా జవాబు చెప్పేవాళ్లు ఉండరు.

పరిహారం మాట వచ్చింది కాబట్టి ముంబై సంగతి చెబుతాను. అక్కడ 2017 ఆగస్టు 29 నాటి వానలో ఒక పేరున్న డాక్టర్ ఇంటికి నడిచి వెళుతూ, తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో పడి చనిపోయారు. మూతల కింద జాలీలు ఎందుకు లేవని కోర్టు అప్పటి నుంచి అడుగుతూనే ఉంది. ఈ నెల 13న బాంబే హైకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. రోడ్డు గుంతల వల్ల, మూత లేని మ్యాన్‌హోళ్ల వల్ల ఎవరైనా చనిపోతే కుటుంబానికి 6 లక్షలు, గాయపడితే తీవ్రతను బట్టి 50 వేల నుంచి రెండున్నర లక్షల దాకా ఇవ్వాలని చెప్పింది. మనకు ఆ తీర్పు వర్తించదు. కానీ ఆ పద్ధతిని మీరే పెట్టుకోవచ్చు. ఇప్పుడు మన దగ్గర ప్రమాదం టీవీలో వస్తే ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, రాకపోతే లేదు. మా పాల కుర్రాడు టీవీలో రాలేదు. ఆసుపత్రి ఖర్చు సందులో వాళ్లం చందా వేసి కట్టాం. అతను ఏ ఆఫీసులో, ఏ కాగితం ఇచ్చి అడగాలో ఎంతమందిని అడిగినా ఎవరూ చెప్పలేకపోయారు. కనీసం ఆ దారి ఒకటి చూపించండి, ఏ శాఖ మూత అయితే ఆ శాఖే ఇచ్చేలా. డబ్బు తన ఖాతాలోంచి పోతుందని తెలిస్తే ఏ శాఖ అయినా తన మూతలు తానే లెక్కపెట్టుకుంటుంది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, వాన వెనక్కి వెళ్లింది. బతుకమ్మ రోజుల్లో ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి మూసీ నీళ్లు వచ్చి ప్రయాణికులు రాత్రంతా చిక్కుకుపోయిన సంగతి ఇంకా ఎవరూ మర్చిపోలేదు. ఇంకో నెల పోతే మర్చిపోతాం. మళ్లీ మృగశిర కార్తె ముందు గుర్తొస్తుంది, అప్పటికి హడావిడి టెండర్లు, హడావిడి పూడిక. నవంబర్ నుంచి మే వరకు ఏడు నెలలు ఉన్నాయి. కాలువలు ఎండి ఉంటాయి, పగిలిన మూత కంటికి కనిపిస్తుంది, పని చేసేవాళ్లకు ప్రమాదం తక్కువ. 1908లో మూసీ వరద వచ్చి ఊరు సగం కొట్టుకుపోయిన తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించి, డ్రైనేజీకి ప్లాన్ వేయించిన నగరం ఇది. అప్పటి వాళ్లు చెరువులు కట్టారు. మేం అడుగుతున్నది మూతలు.

నగరంలో నాలాలు దాదాపు 1,300 కిలోమీటర్లు. ఏ డివిజన్‌లో ఎన్ని మీటర్ల నాలాకు గోడ లేదు, కంచె లేదు, కప్పు లేదు అన్న జాబితాను వార్డు ఆఫీసు గోడ మీద అతికించండి. 2023 జూన్‌లో ప్రతి డివిజన్‌కూ ఒక వార్డు ఆఫీసు పెట్టినప్పుడు ఇంటి దగ్గరే జవాబు దొరుకుతుందని మేమంతా సంతోషపడ్డాం. ఆ గోడకు ఈ జాబితా పెట్టడానికి డబ్బు ఖర్చు కాదు. పని అయిన కొద్దీ ఒక్కో వరుస కొట్టేస్తూ పోండి. కార్పొరేటర్లకు నా ప్రత్యేక విన్నపం ఇదే. కౌన్సిల్ సమావేశంలో మీ డివిజన్ జాబితా అడగండి. అడిగారని మాకు తెలిస్తే మేం మీ వెంట నిలబడతాం.

దసరా సెలవుల్లో ఒక ఆదివారం నేనూ, మా బడి ఆయమ్మా, ఇద్దరు తల్లులూ కలిసి బడి చుట్టూ ఉన్న సందులన్నీ నడిచాం. ప్రతి మూత దగ్గరా ఆగి నోట్‌బుక్‌లో రాశాం. ఏ ఇంటి ముందు ఉంది, పగిలిందా, కదులుతోందా, రోడ్డుకు ఎంత లోతులో ఉంది, పైన వీధిదీపం వెలుగుతోందా. నిలబడితే కిర్రుమని ఊగేవి కొన్ని ఉన్నాయి. వాటికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. ఒక్క మూత దగ్గర కూడా 'ఎవరిది' అన్న గడి నింపలేకపోయాం. ఆ గడులన్నీ ఖాళీగా ఉన్నాయి.

వచ్చే నెల ప్రతి సోమవారం, మీరు జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి ఆ నోట్‌బుక్ పట్టుకుని వస్తాను. అంతకంటే ముందే మీ మూడు శాఖల నుంచి ఒక్కొక్క మనిషిని పంపితే, ఏ ఆదివారమైనా ఉదయం ఏడు గంటలకు బడి గేటు దగ్గర ఉంటాను. రెండు గంటల నడక. ముగ్గురూ ఒకేసారి రావాలి, ఆ గడి అక్కడికక్కడే నిండాలి కాబట్టి. ఫోన్ చేయండి, నా మూడు కంప్లైంట్లలో నా నంబర్ ఉంది.

ఇట్లు,
ఒక ప్రైమరీ టీచర్